అద్దె ఇంటి రాతలు: టంబ్లర్ నిషేధం, బ్లాగరుల వలస

సొంత సర్వర్ లేని మనిషి ఇంటర్నెట్‌లో రాసే ప్రతి బ్లాగూ ఎవరో ఒకరి స్థలంలో, ఆ యజమాని పెట్టిన షరతులకు లోబడి నిలిచే రాతే. షరతులు మారనంత కాలం ఈ సంగతి రాసేవారికి గాని చదివేవారికి గాని గుర్తుండదు. ఒకనాడు యజమాని ఫలానా రకం బొమ్మలు ఇకమీదట ఇక్కడ ఉండకూడదని ప్రకటించినప్పుడు మాత్రం, ఏళ్ల తరబడి కూడబెట్టిన టపాలను, వాటి చుట్టూ అల్లుకున్న పరిచయాలను ఎక్కడికి తీసుకుపోవాలి, ఎలా తీసుకుపోవాలి అనే ప్రశ్న ఒక్కసారిగా ఎదురవుతుంది. వయోజనులకు ఉద్దేశించిన సామగ్రి, అంటే నగ్నత్వమో లైంగిక విషయాలో ఉన్న బొమ్మలూ వీడియోలూ రాతలూ, ఈ ప్రశ్నను పదే పదే తెచ్చిపెడుతూ వచ్చింది. 2018 డిసెంబరులో టంబ్లర్ అనే అమెరికన్ బ్లాగు వేదిక విధించిన నిషేధం, దాని వెంట సాగిన వలస ఇందుకు అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ కాగా, లైంగిక సామగ్రితో ఏ సంబంధమూ లేని మామూలు బ్లాగరు సైతం అందులో తెలుసుకోవలసినది చాలా ఉంది.

డేవిడ్ కార్ప్ 2007లో న్యూయార్కులో ప్రారంభించిన టంబ్లర్, పాతకాలపు బ్లాగుకూ తర్వాత వచ్చిన సోషల్ మీడియాకూ నడిమి రూపం. ప్రతి సభ్యునికీ సొంత బ్లాగు ఉంటుంది గాని, దాని ప్రాణమంతా రీబ్లాగ్ అనే పద్ధతిలో ఉంది. ఒకరి టపాను మరొకరు తమ బ్లాగులోకి తెచ్చుకుని, దాని కింద తమ మాట చేర్చి ముందుకు పంపడమే రీబ్లాగ్. అలా ఒక బొమ్మో వాక్యమో వేలమంది చేతులు మారుతూ, ఆ చేతుల రాతలన్నీ మోసుకుంటూ తిరుగుతుంది. అసలు పేరు చెప్పవలసిన అవసరం లేకపోవడం, వయోజన సామగ్రి పట్ల వేదిక మొదటినుంచీ ఉదారంగా ఉండడం వల్ల, వేరేచోట చోటు దొరకనివారు చాలామంది అక్కడికి చేరారు. వారిలో చిత్రకారులు, సినిమాలూ నవలల్లోని పాత్రలను తీసుకుని అభిమానులే కొత్త కథలు అల్లే ఫ్యాన్ ఫిక్షన్ రచయితలు, స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్ యువత, లైంగిక వృత్తిలో ఉన్నవారు, తమ శరీరం గురించి సంకోచం లేకుండా మాట్లాడుకోదలచిన స్త్రీలు ఉన్నారు. అదే వేదికపై ఎక్కడినుంచో ఎత్తుకొచ్చిన అశ్లీల వీడియోలు, ప్రకటనల కోసం యంత్రాలు నింపిపోసే చెత్త కూడా విస్తారంగా ఉండేవన్నది నిజం. నిషేధాన్ని తప్పుపట్టేవారు ఈ సంగతిని దాచిపెడితే వారి వాదానికి బలం ఉండదు.

2013లో యాహూ సంస్థ 110 కోట్ల డాలర్లకు టంబ్లర్‌ను కొన్నది. దాన్ని పాడుచేయబోమని అప్పటి యాహూ అధినేత మరిస్సా మేయర్ బహిరంగంగా మాట ఇచ్చారు. కాని 2017లో యాహూ వ్యాపారమే వెరైజన్ అనే టెలిఫోన్ కంపెనీ చేతికి పోయింది. ప్రకటనలు అమ్ముకుని బతకవలసిన పెద్ద కంపెనీకి, ఏ ప్రకటన పక్కన ఏ బొమ్మ పడుతుందో చెప్పలేని వేదిక ఒక బరువు. దానికి తోడు 2018 ఏప్రిల్‌లో అమెరికాలో ఫోస్టా-సెస్టా అనే పేరుతో పిలిచే కొత్త చట్టం వచ్చింది. సభ్యులు పెట్టే రాతలకు వేదిక యజమాని బాధ్యుడు కాడని చెప్పే రక్షణ ఆ దేశంలో 1996 నాటి చట్టంలోని 230వ సెక్షన్ కింద ఉండగా, లైంగిక అవసరాల కోసం మనుషులను తరలించే నేరాలకు తోడ్పడే సామగ్రి విషయంలో ఈ కొత్త చట్టం ఆ రక్షణను తొలగించింది. నేరస్తులను పట్టడానికి చేసిన చట్టమే అయినా, ఏ టపా తమ మెడకు చుట్టుకుంటుందోనన్న భయంతో అనేక సంస్థలు లైంగిక విషయమన్న వాసన తగిలిన ప్రతిదాన్నీ దూరం పెట్టడం మొదలుపెట్టాయి.

అసలు దెబ్బ నవంబరులో తగిలింది. 2018 నవంబరు 16న టంబ్లర్ యాప్ ఆపిల్ వారి యాప్ స్టోర్‌లో కనిపించకుండా పోయింది. పిల్లలపై లైంగిక అత్యాచారాన్ని చూపే చిత్రాలు వేదికలో బయటపడడమే కారణమని కొద్దిరోజులకు తెలిసింది. ఇలాంటి చిత్రాలను పట్టడానికి కంపెనీలు ఒక ఉమ్మడి డేటాబేస్‌ను వాడతాయి. అందులో ఒక్కొక్క నేర చిత్రానికీ వేలిముద్రలాంటి సంఖ్యారూపపు గుర్తు నమోదై ఉండడం వల్ల, అదే చిత్రాన్ని ఎవరు ఎక్కించబోయినా యంత్రం వెంటనే అడ్డుకోగలుగుతుంది. టంబ్లర్‌లో దొరికినవి ఆ డేటాబేస్‌లో ఇంకా చేరని చిత్రాలని కంపెనీ వివరణ ఇచ్చింది. ఇలాంటి చిత్రాల విషయంలో ఏ వేదికపైనా రెండో మాటకు తావు ఉండకూడదు. అయితే నేరాన్ని ఏరివేయవలసిన చోట, చట్టం అనుమతించే వయోజనుల సామగ్రిని మొత్తంగా ఊడ్చేయడం వేరే నిర్ణయం. ఈ రెండూ ఒకటే అన్నట్టు వ్యవహరించడం ఆ ఏడాది జరిగిన పెద్ద అన్యాయం.

డిసెంబరు 3న ప్రకటన వెలువడింది, 17 నుంచి అమలు. అంటే సభ్యులకు దొరికిన గడువు రెండు వారాలు. మనుషుల జననాంగాలను, స్త్రీలవిగా కనిపించే చనుమొనలను చూపే ఫొటోలు, వీడియోలు, కదిలే బొమ్మలు, అలాగే లైంగిక క్రియను చూపే ఏ చిత్రమైనా నిషిద్ధమని ఆ ప్రకటన సారాంశం. పాలివ్వడం, ప్రసవం, శస్త్రచికిత్స వంటి ఆరోగ్య సంబంధమైన చిత్రాలకు, నగ్న శిల్పాల వంటి కళాఖండాలకు, అక్షరాలతో రాసిన శృంగార రచనలకు మినహాయింపు ఇచ్చారు. నిషేధం కిందికి వచ్చిన టపాలను తుడిచివేయలేదు, రాసినవారికి తప్ప ఎవరికీ కనపడకుండా చేశారు. పొరపాటని భావించినవారు అప్పీలు చేసుకోవచ్చన్నారు.

కాగితం మీద ఈ గీతలు స్పష్టంగానే కనిపిస్తాయి. కాని కోట్లాది టపాలను రెండు వారాల్లో వడకట్టే పని మనుషుల వల్ల అయ్యేది కాదు గనుక, బొమ్మలను చూసి వర్గీకరించే సాఫ్ట్‌వేర్‌కు ఆ పని అప్పగించారు. ఈ సాఫ్ట్‌వేర్ బొమ్మ అర్థాన్ని చూడదు. రంగులు, వంపులు, వాటి అమరిక తనకు ముందు చూపించిన నమూనాలకు ఎంత దగ్గరగా ఉన్నాయో లెక్కగట్టి ఒక అంచనా చెబుతుంది. ఫలితంగా నిండా బట్టలు కట్టుకున్న మనుషుల ఫొటోలు, కార్టూన్లు, పాత చిత్రకళ కూడా అశ్లీలమన్న ముద్రతో మరుగున పడ్డాయి. మినహాయింపు ఉన్నవాటినే యంత్రం గుర్తించలేకపోతే ఆ మినహాయింపు ఉన్నా లేనట్టే.

అశ్లీలమంటే ఏమిటో నిర్ణయించే అధికారం ఎవరిదన్న వివాదం తెలుగువారికి కొత్త కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రచించిన రాధికా సాంత్వనాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రచురించగా, అది అశ్లీలమని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానమంత్రిగా ఉన్న రోజుల్లో గాని ఆ నిషేధం తొలగలేదు. ఆ అన్యాయానికి ఒక ఉత్తర్వు ఉంది, ఆ ఉత్తర్వు వెనుక పేరున్న ప్రభుత్వం ఉంది, దాన్ని ఎదిరించి వాదించడానికి ఒక పుస్తకం పేరు ఉంది. అందువల్లనే మరో ప్రభుత్వం వచ్చి దాన్ని సరిదిద్దగలిగింది. సాఫ్ట్‌వేర్ మరుగుపరచిన టపాలకు అలాంటి చరిత్ర కూడా మిగలదు.

నిషేధంతో టంబ్లర్ సభ్యులు చెల్లాచెదురయ్యారు. వెబ్‌సైట్ల రాకపోకలను అంచనా వేసే సిమిలర్‌వెబ్ లెక్క ప్రకారం, 2018 డిసెంబరులో 52 కోట్లకు పైగా ఉన్న టంబ్లర్ సందర్శనలు 2019 ఫిబ్రవరికి 37 కోట్ల దగ్గరకు పడిపోయాయి. వెళ్లినవారిలో చాలామందికి ముందుగా తోచిన చోటు ట్విట్టర్. అక్కడ వయోజన సామగ్రికి అనుమతి ఉండేది, జనం ఉండేవారు. కాని పొడుగాటి రాతకు, బొమ్మల వరుసకు, పాత టపాలను వెతికి తీయడానికి అది అనువుగా ఉండేది కాదు. చిత్రకారులను 1995 నుంచి నడుస్తున్న న్యూగ్రౌండ్స్ ఆహ్వానించింది. టంబ్లర్‌ను పోలిన కొత్త ఇల్లు కట్టాలని చిన్న బృందం ఒకటి పిల్లోఫోర్ట్ అనే వేదికను అప్పటికే నిర్మిస్తూ ఉండగా, సగం కట్టిన ఆ ఇంటి ముందు ఒక్కసారిగా జనం బారులు తీరారు. ఫ్యాన్ ఫిక్షన్ రాసేవారిది మాత్రం కొంత వేరే దారి. వారికి ఈ అనుభవం రెండోసారి కావడంతో, వెళ్లవలసిన ఇల్లు ముందే కట్టి ఉంది.

ఆ మొదటి అనుభవం 2007 నాటిది. బ్రాడ్ ఫిట్జ్‌పాట్రిక్ 1999లో మొదలుపెట్టిన లైవ్‌జర్నల్ అనే బ్లాగు వేదిక, అప్పటికి సిక్స్ అపార్ట్ అనే కంపెనీ చేతిలో ఉండి, బయటి బృందమొకటి తెచ్చిన ఒత్తిడికి లొంగి 2007 మే నెలాఖరులో దాదాపు 500 జర్నళ్లను ఒక్కసారిగా నిలిపివేసింది. సభ్యులు తమ ఆసక్తులుగా రాసుకున్న మాటలను బట్టి ఆ ఎంపిక జరగడంతో, అత్యాచారాన్ని తట్టుకుని నిలిచినవారి సహాయ బృందాలు, నబొకోవ్ నవల లోలితాను చర్చించే సమూహం కూడా మూతపడ్డాయి. నిలిపివేసిన పేరు మీద అడ్డగీత పడేది గనుక సభ్యులు ఆ ఘటనను అడ్డగీత అనే అర్థం వచ్చే స్ట్రైక్‌త్రూ అన్న మాటతోనే నేటికీ చెప్పుకుంటారు. కంపెనీ క్షమాపణ చెప్పి చాలావాటిని తిరిగి తెరిచినా, నమ్మకం మాత్రం తిరిగి రాలేదు.

ఆ కాలంలోనే అభిమాన రచయితలు కొందరు తమ సర్వర్లు తమవే కావాలన్న ఆలోచనతో లాభాపేక్ష లేని సంస్థను నెలకొల్పి, 2009 నవంబరులో ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే రచనల భాండాగారాన్ని అందరికీ తెరిచారు. ప్రకటనలు లేకుండా పాఠకుల విరాళాలతో నడిచే ఆ భాండాగారం 2019లో హ్యూగో పురస్కారం పొందింది. లైవ్‌జర్నల్‌లో పనిచేసిన కొందరు అదే ఏడాది, అంటే 2009లో, దాని బహిరంగ సాఫ్ట్‌వేర్‌నే తీసుకుని, అంటే ఎవరైనా చదివి, మార్చి వాడుకోవచ్చని యజమాని అనుమతించిన ప్రోగ్రామును తీసుకుని, డ్రీమ్‌విడ్త్ అనే వేదికను ప్రారంభించారు. రెండింటి కట్టడం ఒకటే కావడం వల్ల లైవ్‌జర్నల్ టపాలతో పాటు వాటి కింది వ్యాఖ్యలను కూడా డ్రీమ్‌విడ్త్‌కు తెచ్చుకునే వీలు కలిగింది. ఇది చిన్న సౌకర్యంగా కనిపించవచ్చు గాని, బ్లాగుల చరిత్రలో ఇంతకంటె మంచి వలస మార్గం అరుదు, ఎందుకంటే బ్లాగులో సగం విలువ వ్యాఖ్యల్లో ఉంటుంది.

టంబ్లర్ వదిలినవారికి దొరకనిది సరిగ్గా ఇదే. బ్లాగు మొత్తాన్ని ఒక మూటగా దించుకునే ఎగుమతి సదుపాయం టంబ్లర్‌లో ఉంది. దానితో టపాలు, బొమ్మలు చేతికి వస్తాయి. రీబ్లాగుల గొలుసులో వందలమంది చేర్చిన మాటలు, ఎవరిని ఎవరు అనుసరిస్తున్నారన్న జాడ, మారుపేరుతో మాత్రమే తెలిసిన స్నేహితుడు ఏ కొత్త వేదికకు పోయాడన్న వివరం ఆ మూటలో ఉండవు. ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం ఆ రెండు వారాల్లో వీలైనన్ని బ్లాగులను కాపీ చేసి దాచడానికి ప్రయత్నించింది. ఊళ్లు మునిగినప్పుడు తలుపులు, దూలాలు ఊడదీసి బండ్లకెత్తి తీసుకుపోవచ్చు, పక్కింటివారిని మాత్రం ఆ బండిలో ఎక్కించుకోలేరు.

కొత్త వేదిక కోసం వెతికేవారు సాధారణంగా అందులో ఏ సామగ్రికి అనుమతి ఉందో చూసి ఆగిపోతారు. అది చాలదు. వేదిక యజమాని మంచివాడే కావచ్చు, అతడు ఎవరికి అద్దె కడుతున్నాడో కూడా చూడాలి. బ్లాగు వేదిక కింద సర్వర్లు అద్దెకిచ్చే కంపెనీ ఉంటుంది. దాడుల నుంచి కాపాడుతూ పేజీలను వేగంగా అందించే కంపెనీ ఉంటుంది. ఫోన్లలోకి యాప్‌ను చేరవేసే ఆపిల్, గూగుల్ ఉంటాయి. చందాలు వసూలు చేసే కార్డు కంపెనీలు, బ్యాంకులు ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటి చేయి వెనక్కి తీసుకున్నా పైనున్న ఇల్లు కూలుతుంది. లైంగిక వృత్తిలో ఉన్నవారి కోసం 2018లో ఏర్పడిన స్విట్టర్ అనే వేదికకు, ఫోస్టా చట్టం వచ్చిన నెలలోనే క్లౌడ్‌ఫ్లేర్ అనే రక్షణ సేవల కంపెనీ తన సేవలు నిలిపివేసింది. వయోజన సామగ్రి మీదనే పేరు తెచ్చుకున్న చందాల వేదిక ఓన్లీఫ్యాన్స్ సైతం 2021 ఆగస్టులో, బ్యాంకుల వైఖరి కారణంగా అక్టోబరు 1 నుంచి లైంగిక దృశ్యాలను నిషేధిస్తామని ప్రకటించి, నిరసనలు రేగాక వారం లోపే ఆ నిర్ణయాన్ని నిలిపివేసింది. టంబ్లర్ కథలోనూ ఇదే జరిగింది. 2019 ఆగస్టులో దాన్ని అతి స్వల్ప మొత్తానికి కొన్న ఆటోమాటిక్ సంస్థ అధినేత మాట్ ముల్లెన్‌వెగ్, పాత స్వేచ్ఛను తిరిగి ఎందుకు ఇవ్వలేమో 2022 సెప్టెంబరులో వివరిస్తూ, కార్డు కంపెనీలను, యాప్ స్టోర్లను, చిత్రంలోని వ్యక్తుల వయసునూ సమ్మతినీ నిర్ధారించడంలోని కష్టాన్ని కారణాలుగా చూపారు.

ఈ గొలుసును పూర్తిగా తెంచుకోవడం ఎవరివల్లా కాదు గాని, పొట్టిది చేసుకోవచ్చు. అందుకు మొదటి మెట్టు సొంత డొమైన్ పేరు, అంటే ఏటా కొంత రుసుము కట్టి నమోదు చేసుకునే వెబ్ చిరునామా. చిరునామా బ్లాగరుదై ఉంటే, దాని వెనుక ఇల్లు ఎన్నిసార్లు మారినా పాఠకుడు అదే పేరు కొట్టి వస్తాడు. రెండోది, 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్ వంటి బహిరంగ సాఫ్ట్‌వేర్‌ను అద్దె సర్వర్ మీద తామే పెట్టుకోవడం. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అనే సేవ వేరు, ఎవరైనా దించుకుని వాడుకోగల వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ వేరు అన్న తేడా ఇక్కడ ముఖ్యం. మొదటిది ఒక కంపెనీ నియమాలకు లోబడిన అద్దె ఇల్లు, రెండోది సొంతంగా కట్టుకునే ఇల్లు, అది నిలిచిన నేల అద్దెదే అయినా. ఒకే కంపెనీ చేతిలో ఉండకుండా వేర్వేరు సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మాస్టొడాన్ వంటి సమాఖ్య వేదికలు మూడో దారి చూపుతాయి. అక్కడ ఒక సర్వర్ నిర్వాహకుడు కాదంటే, అనుసరించేవారిని వెంటబెట్టుకుని మరో సర్వర్‌కు మారే వీలుంటుంది, అయితే పాత టపాలు మాత్రం వెనుకనే ఉండిపోతాయి.

భారతదేశంలో రాసేవారికి వేదిక నియమాలతో పాటు దేశ చట్టం కూడా వర్తిస్తుంది. సమాచార సాంకేతిక చట్టం 67వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రూపంలో అశ్లీల సామగ్రి ప్రచురణను, 67ఏ సెక్షన్ లైంగిక క్రియను స్పష్టంగా చూపే సామగ్రి ప్రచురణను శిక్షిస్తాయి. రెండోదానికి మొదటిసారికే 5 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. శాస్త్రం, సాహిత్యం, కళ, విద్య దృష్ట్యా ప్రజాహితమని రుజువైన ప్రచురణలకు మినహాయింపు ఉంది. విదేశీ వేదిక అనుమతించిందన్న మాట హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని ప్రచురించేవారికి రక్షణ కాదు.

తెలుగు బ్లాగులకు ఈ కథతో ఉన్న సంబంధం 2015లో ఒకసారి చాలా దగ్గరగా వచ్చింది. తెలుగు బ్లాగుల్లో ఎక్కువ భాగం నిలిచి ఉన్న గూగుల్ వారి బ్లాగర్, ఆ ఏడాది ఫిబ్రవరిలో, స్పష్టమైన లైంగిక చిత్రాలున్న బ్లాగులన్నీ మార్చి 23 నుంచి ప్రైవేటుగా మారిపోతాయని ప్రకటించింది. ప్రపంచమంతటా నిరసన రావడంతో వారం తిరగకముందే ఆ నిర్ణయాన్ని ఉపసంహరించుకుంది. ఆ నిబంధన తెలుగు బ్లాగరులలో అధిక సంఖ్యాకులను తాకేది కాదు. అయినా యజమాని ఒక నెల గడువుతో ఇంటి షరతులు మార్చగలడన్న సంగతి అప్పుడు బయటపడింది. అంతకు ముందే 2014 సెప్టెంబరు 30న అదే సంస్థ ఆర్కుట్ అనే తన సోషల్ నెట్‌వర్క్‌ను మూసివేసి, ఎందరో భారతీయుల తొలి ఇంటర్నెట్ స్నేహాలకు వేదికైన చోటును చరిత్రలో కలిపింది. లేఖిని అనే టైపింగ్ ఉపకరణం సాయంతో తెలుగు అక్షరాలు కొట్టడం నేర్చుకుని, బ్లాగు టపాలను ఒకచోట చూపే కూడలి వంటి సంకలినుల ద్వారా ఒకరినొకరు చదువుకున్న తరం రాసిన కథలు, యాత్రా విశేషాలు, వంటలు, వాదోపవాదాలు నేటికీ బ్లాగ్‌స్పాట్, వర్డ్‌ప్రెస్ చిరునామాల్లోనే, చాలావాటికి మరో ప్రతి లేకుండా ఉన్నాయి.

టంబ్లర్ 2022 నవంబరులో నగ్నత్వంపై నిషేధాన్ని కొంత సడలించింది, లైంగిక క్రియను చూపే చిత్రాలను మాత్రం అనుమతించలేదు. అప్పటికి నాలుగేళ్లు గడిచి, వెళ్లినవారు మరోచోట స్థిరపడ్డారు. అందువల్ల షరతులు మారేదాకా ఆగకుండా, తెలుగులో పాత బ్లాగు ఉన్న ప్రతివారూ, ఇప్పుడు రాస్తున్నా రాయకపోయినా, ఈ వారంలోనే దాని సెట్టింగుల్లోకి వెళ్లి, టపాలనూ వ్యాఖ్యలనూ ఎగుమతి చేసుకుని, ఒక ప్రతిని తమ కంప్యూటర్‌లో, మరో ప్రతిని వేరేచోట దాచుకోవాలి. రాసినవారు గతించి ఉంటే ఆ పనిని వారి పిల్లలో స్నేహితులో చేపట్టాలి.